వినే పని

కాగులో నీళ్లు సలసలమంటున్నాయి. కీర్తన పొయ్యిలోంచి పత్తికట్టెలు రెండు వెనక్కి లాగి మంట తగ్గించింది. చెంబుతో వేడినీళ్లు బకెట్లోకి వంచి, చన్నీళ్లు కలిపి, ఆవిరి మీద చెయ్యి పెట్టి చూసి, ఇంకో చెంబెడు చన్నీళ్లు పోసింది. అక్కడితో ఆమె పని అయిపోయింది. బకెట్‌ను స్నానాల గది దాకా మోసేది అత్త ఉప్పలమ్మ. ఆడబిడ్డ మంజుల తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి యాభై రోజులైంది. ఆ యాభై రోజుల్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఈ పద్ధతి ఏర్పడిపోయింది.

"అయినయా నీళ్లు?"

"అయినయి అత్తమ్మా."

"జర పక్కకు జరుగు బిడ్డా."

ఉప్పలమ్మ ఆ మాట మెత్తగానే అంది. బకెట్ ఎత్తుకుని, కోడలి చీర చెంగు తగలకుండా చూసుకుంటూ నడిచి వెళ్లింది.

అప్పుడే లోపలి గది కిటికీలోంచి ఫోన్‌లో ఒక గొంతు వినబడింది. "ఏం జేస్తున్నవ్ చెల్లె? తిన్నవా? ఇయ్యాల మన ముచ్చట బుగులు గురించి. తొలుసూరు కాన్పంటె అందరికీ బుగులైతది. సిగ్గు పడకు. ఇంట్ల చెప్పబుద్ధి గాకుంటె మా నర్సమ్మకన్న చెప్పు. కింద మైకు బొమ్మ ఉంటది సూడు, దాన్ని ఒత్తి పట్టుకొని మాట్లాడు."

ఆ గొంతు కీర్తనదే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

పెళ్లికి ముందు ఆమె, ఊళ్లవాళ్లు మానుకోట అనే మహబూబాబాద్‌లో, ఒక సంస్థ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పేర్లు ఎక్కించేది. పెళ్లయ్యాక కూడా మానలేదు. ఆ సంస్థ తొలి కాన్పు ఆడవాళ్ల కోసం ఫోన్‌లో ఒక యాప్ చేయించింది. ఏడో నెల పడ్డనాటి నుంచి కాన్పు దాకా పొద్దున పూట రోజుకొక ముచ్చట, మొత్తం తొంభై. మొదట వాటిని హైదరాబాద్‌లో ఎవరో చదివి పంపించారు. ఊళ్లల్లో ఆడవాళ్లు రెండు రోజులు విని మూడో రోజు ఆపేశారు. "వార్తలు సదివినట్టున్నది. మాకు ముచ్చట జెప్తున్నదా, మమ్ముల గద్దిస్తున్నదా?" అని బయ్యారం దగ్గర ఒక ముసలామె మొహం మీదే అడిగిందట. అప్పుడు సంస్థలోని నర్సు సరోజన కీర్తనను వేలు పెట్టి చూపించి, "గీ పిల్లతోని చెప్పియ్యుండ్రి. ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడుతది" అంది.

గోడలకు దుప్పట్లు కట్టిన చిన్న గదిలో కూర్చుని పన్నెండు రోజుల్లో తొంభై ముచ్చట్లూ చెప్పింది కీర్తన. అప్పుడు ఆమెకు ఆరో నెల. నొప్పులు ఎట్లా మొదలవుతాయో, ఊపిరి ఎట్లా వదలాలో, కడుపులో బిడ్డ తిరుగుడు తగ్గితే ఒక్క పూట కూడా ఆగకుండా దవాఖానకు ఎందుకు పోవాలో, అన్నీ తెలిసినదానిలా చెప్పింది.

తొమ్మిదో నెలలో, పాలకుర్తి పక్క ఊళ్లో తల్లిగారింట్లో ఉండగా, ఒక మధ్యాహ్నం తన కడుపులోనే తిరుగుడు తగ్గింది. కీర్తనకు తెలిసింది. తెలిసినా, అన్న పత్తి అమ్మడానికి జనగామ పోయాడు, వదినకు జ్వరం, అమ్మ ఒక్కతే ఏం చేస్తుందిలే, పొద్దున పోదాం అనుకుంది. పొద్దున డాక్టరమ్మ గుండె చప్పుడు కోసం వెతికి వెతికి, చివరికి మిషన్ పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆడపిల్ల. అన్న ఒక్కడే ఎత్తుకుని పోయి పొలం గట్టున పూడ్చి వచ్చాడు. నెల తిరిగాక భర్త జీవన్ వచ్చి కీర్తనను దంతాలపల్లి పక్కనున్న తమ ఊరికి తెచ్చాడు. బిడ్డ కోసం అమ్మ పాత నూలుచీరలు చింపి, ఉతికి, మడతలు పెట్టిన గుడ్డలు తల్లిగారింట్లోనే ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. పది నెలలైంది. ఆమె మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మంజులను తీసుకురావడానికి ముందు రోజు ఉప్పలమ్మ కోడలి పక్కన కూర్చుంది.

"రెండు నెల్లు మీ అవ్వగారింటికి పోరాదు బిడ్డా."

"ఆ ఇంటికి పోలేను అత్తమ్మా. ఇంకేదన్నా చెప్పు, చేస్త."

"నాకు నీ మీద కోపం లేదు. నాకు బుగులు, గంతే. మా అమ్మ నుంచి ఇంటున్న మాట. మొదటిది దక్కనోళ్లు నిండు మనిషి కాడ మెసలొద్దంటరు. పోనీ జీవన్ తాన్కి పో."

జీవన్ భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర టిప్పర్ నడుపుతాడు. అదీ కాంట్రాక్టు పని. మరో ముగ్గురు డ్రైవర్లతో ఒకే రూము.

"నలుగురు మొగోళ్ల నడుమ నేనేడ పండుకోవాలె అత్తమ్మా?"

మర్నాడు మంజుల వచ్చి, సంగతి తెలిసి, తల్లి మీద గయ్యిమని లేచింది. "ఏందే అవ్వా, నువ్వింక ఏ కాలంల ఉన్నవే? వదిన ఏడికీ పోదు. ఉండు వదినా. నువ్వుంటెనే నాకు ధైర్నం." ఆ ఒక్క మాట పట్టుకుని కీర్తన ఈ ఇంట్లో నిలబడింది. పుట్టబోయే బిడ్డను తనకు ఇవ్వరని తెలుసు. గుమ్మం అవతల నిలబడి ఏడుపు వింటే చాలనుకుంది. బతికున్న బిడ్డ ఏడుపు.

*

బిడ్డ పోయాక ఆఫీసు మానేసిన కీర్తనకు మూడు నెలల కిందట సరోజన ఫోన్ చేసింది. యాప్‌లో మైకు బొమ్మ ఒత్తి ఆడవాళ్లు చెప్పుకునేవి హైదరాబాద్ వాళ్లకు సగం అర్థం కావడం లేదట. "నువ్వు ఇంట్లనే కూసొని ఇను. ఇన్నది ఇన్నట్టు రాసి పెట్టు. జవాబు నేను చెప్త." పని చిన్నదే, షరతులు గట్టివి. ఎవరి గొంతు విన్నావో ఎవరికీ చెప్పకూడదు. ఈ పని చేస్తున్నట్టు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. రాసిన తర్వాత మూడు బొత్తాల్లో ఒకటి నొక్కాలి: మామూలు, తొందర, వినిపించలేదు. మూడోది నొక్కితే ఆ ప్రశ్న చెరిగిపోతుంది.

మేడ మెట్ల మీద సిగ్నల్ బాగా వస్తుంది. కీర్తన ఇంటి పనులు ముగించుకుని, నాలుగో మెట్టు మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. ఏవో పాటలు వింటోందని ఇంట్లో అనుకునేవాళ్లు. "పాటలు ఇనే మందమన్న మనసు కుదుటపడ్డది, మంచిదే" అని ఉప్పలమ్మ పక్కింటామెతో అంటుంటే ఒకసారి వినబడింది. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో తెలియలేదు.

ఆ రోజు శుక్రవారం. స్నానాలైపోయాయి. బండ మీద నాలుగు దుప్పట్లు బాది, ఆరేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ కీర్తన మెట్లెక్కింది. తొమ్మిది ప్రశ్నలు వచ్చి ఉన్నాయి.

మొదటామెది తండా. రెండు ముక్కలు లంబాడీలో, రెండు ముక్కలు తెలుగులో. "మా అత్త గుమ్మడికాయ తినొద్దంటది. నాకు అదే తినబుద్ధైతది. ఎవల మాట ఇనాలె మేడం, అత్తదా, కడుపుదా?" రెండోది భూపాలపల్లి దిక్కు నుంచి. "నాకంటె మా ఆయనకే బుగులెక్కువైంది. అన్నం తింటలేడు. ఆయనకేమన్న గోలీలుంటే చెప్పుండ్రి." కీర్తన పెదవుల చివర నవ్వు కదిలింది. రాసింది. మామూలు నొక్కింది. మూడు, నాలుగు కూడా అట్లాంటివే.

అయిదోది మొదలైంది.

"మేడం... గట్టిగ మాట్లాడరాదు. ఇంట్ల ఉన్నరు."

అంతలోనే కీర్తనకు తెలిసిపోయింది. అయినా గొంతు ఇంకెవరిదో కావచ్చని చెవులు బిగబట్టింది. ఆ గుసగుస వెనకాల ఒక చప్పుడు ఉంది. మూడు దెబ్బలు, కొంచెం ఆగి మళ్లీ మూడు దెబ్బలు. బండ మీద దుప్పటి బాదుతున్న చప్పుడు. బాదుతున్నది తనే.

"మా వదినకు పోయినేడు సచ్చిన బిడ్డ పుట్టింది. ఆమె మా ఇంట్లనే ఉంటది. మంచిది మేడం, శాన మంచిది. నేనే ఉండుమన్న. కాని పొద్దుగాల లేస్తనే ఆమె ముఖం చూస్తె నాక్కూడ గట్లనే అయితదేమో అనిపిస్తది. నిద్ర పడ్తలేదు. పొమ్మనబుద్ధైతది, నోరు రాదు. ఇంకోటి మేడం... నిన్న మాపటి సంది కడుపుల తిరుగుడు తక్కువైనట్టు అనిపిస్తుంది. మా అవ్వకు చెప్తె వదిన మీద పడ్తది. అందుకే చెప్తలేను. ఆదివారం దాక సూద్దామనుకుంటున్న. ఆగొచ్చునా మేడం?"

కీర్తన లేచి నిలబడింది. రెండు మెట్లు దిగి ఆగిపోయింది. తను పోయి అడిగితే మంజుల సిగ్గుతో చచ్చిపోతుంది. అట్లాంటిదేం లేదు వదినా అని నవ్వి, నిజంగానే ఆదివారం దాకా ఆగుతుంది. ఆమె సరోజన నంబరు నొక్కింది.

"మేడం, తొందర కేసు. ఎనిమిదిన్నర నెల్లు. నిన్న మాపటి సంది తిరుగుడు తక్కువుందట. ఇయ్యాలనే, ఇప్పుడే చూపియ్యాలె."

"ఎన్నోది?"

"అయిదోది మేడం."

"ఆ... తీసిన. దంతాలపల్లి మండలం..." సరోజన ఆగింది. "కీర్తనా, ఇది మీ ఊరే గదనే? ఎవలీ పిల్ల?"

"మీరు ముందుగాల ఫోన్ చెయ్యుండ్రి మేడం."

"చేస్తున్న" అని పెట్టేసింది.

లోపల మంజుల ఫోన్ మోగింది. "ఆ... అవును మేడం... ఇప్పుడేనా?" అన్న మాటలు కిటికీలోంచి వచ్చాయి. వెనకాలే ఉప్పలమ్మ గొంతు.

"ఎవలే ఫోన్ల?"

"నర్సమ్మ. మానుకోట దవాఖానకు రమ్మంటుండ్రే అవ్వా. ఊకెనే, ఒకసారి చూస్తరట."

"ఊకెనే ఎవలన్న పిలుస్తరా?" ఉప్పలమ్మ బయటికి వచ్చింది. మెట్ల దగ్గర కోడలి మొహం చూసింది. "నువ్వేమన్న అన్నవా దాన్ని?"

"లేదత్తమ్మా. ఐలేశన్న ఆటో పిలుస్త."

కీర్తన చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. ఐలేశ్ సెంటర్‌లో చాయ్ తాగుతున్నాడు. "ఏంది చెల్లె, పోటీలకు ఉరుకుడు నేర్సుకుంటున్నవా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి, గ్లాసు గట్టు మీద పెట్టేసి బండి స్టార్ట్ చేశాడు.

మంజుల కార్డులు, స్కాన్ కాగితాలు ఉన్న సంచి కీర్తనే తెచ్చింది. ఆటో ఎక్కబోతుంటే ఉప్పలమ్మ సంచి తీసుకుంది. "నువ్వు ఇంటికాడుండు బిడ్డా." మంజుల ఏదో అంటుందని కీర్తన ఆమె వైపు చూసింది. మంజుల సంచి వైపు చూస్తూ కూర్చుంది. ఆటో కదిలింది.

*

ఖాళీ ఇంట్లో కీర్తన మళ్లీ మెట్ల మీదకే వచ్చింది. తెర మీద అయిదో ప్రశ్న కింద తెల్లటి గడి ఖాళీగా ఉంది. తొందర సంగతి నోటితో చెప్పేసింది. ఇప్పుడు వినిపించలేదు అన్న బొత్తాం నొక్కినా మంజులకు వచ్చే నష్టం లేదు. ఆ మాటలు ఇంకెవరి కంటా పడవు. లేదంటే తిరుగుడు గురించిన రెండు వాక్యాలే రాసి పంపొచ్చు.

ఆమె మొదటి నుంచి విని రాసింది. ఇంట్ల ఉన్నరు అని రాసింది. సచ్చిన బిడ్డ అని రాసింది. శాన మంచిది అన్న చోట ఆగి, వెనక్కి జరిపి, ఇంకోసారి విని, అది కూడా రాసింది. పొమ్మనబుద్ధైతది అని రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. కొంగుతో తెర తుడిచి తర్వాత కళ్లు తుడుచుకుంది.

మిగిలిన నాలుగు కూడా విని రాసింది. ఏం విన్నదో గుర్తు లేదు. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోతే అడుగంటింది. పాలకుర్తిలో ఆ పొద్దున డాక్టరమ్మ కడుపు మీద మిషన్‌ను అటూ ఇటూ జరుపుతున్నప్పుడు గోడ మీద ఫ్యాన్ ఒకటి కరకరమంటూ తిరుగుతుండేది. ఆ చప్పుడు ఇప్పుడు చెవుల్లో ఆగకుండా వినబడుతోంది. దేవుడికి ఏమని మొక్కాలో కూడా తెలియలేదు. 'నన్ను చూడకు, దాన్ని చూడు' అనుకుంది.

మూడు దాటాక జీవన్ ఫోన్ చేశాడు. వెనకాల బండ్ల మోత.

"అవ్వ చేసింది. మంచిగనే ఉందట. గుండె మంచిగ కొట్టుకుంటుందట. ఉమ్మనీరు జర తక్కువుంది, నీళ్లు మస్తుగ తాగాలె, నాలుగు రోజులకోపాలి చూపియ్యాలె అన్నరట. జల్ది వచ్చింది మంచి పని చేసిండ్రని చెప్పిండ్రట."

కీర్తన అడుగంటిన గిన్నె పక్కన కింద కూర్చుంది.

"ఇంటున్నవా?"

"ఆ."

"అవ్వ ఒక్కటే మాట అంటున్నది..." జీవన్ ఆగాడు. "ఏం లేదులే. నువ్వు తిన్నవా?"

"ఏమంటుందో చెప్పు."

"నీకు తెలువని మాటేం గాదు గదా. డ్యూటీ ఎక్కుతున్న, మాపటికి చేస్త."

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది. మంజుల మొహం వెలిగిపోతోంది. "గుండె సప్పుడు ఇనిపిచ్చిండ్రు వదినా! గుర్రం ఉరికినట్టే ఉన్నది. నేను ఏడ్సిన, అవ్వ నాకంటె ఎక్కువ ఏడ్సింది. నర్సు కోపం జేసింది, కాన్పుకు ఇద్దరొచ్చిండ్రా అని."

"సాలు తియ్, పెద్ద చెప్పొచ్చినవ్" అంటూ ఉప్పలమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టి కూతురి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. నవ్వులు, దగ్గులు కలిసిపోయాయి.

కీర్తన అన్నం పెట్టి వెనక్కి తిరగబోతే మంజుల పిలిచింది. "ఏడికి వదినా? ఈడనే కూసో. ఎప్పుడు సూడు పక్కకు పక్కకు పోతవ్." నవ్వుతూనే అంది. ఇన్నాళ్లూ కీర్తన ఆ మాటలు వినేది కానీ, ఆ మాటలనేటప్పుడు ఆ పిల్ల చూపు ఎటు ఉంటుందో చూడలేదు. మంజుల కంచంలోకి చూస్తోంది. ఎడమచెయ్యి కడుపు మీద అడ్డం పెట్టుకుని ఉంది, ఎవరో తోసుకుని వస్తున్నట్టు.

"పొయ్యి మీద పాలున్నయి" అని కీర్తన అక్కడి నుంచి కదిలింది.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ చిన్నగా మోగింది. ఒక ప్రశ్న వచ్చింది. మెట్ల మీదకు వెళ్లి విన్నది.

"మేడం, మీ పుణ్యాన బిడ్డ మంచిగుంది. మీరు చెప్పింది సమజైంది. ఒకలను చూస్తె ఒకలకు గట్ల కాదన్నరు. నాకు ఎరికే మేడం, నేను డిగ్రీ సదివిన. అయినా పోతలేదు. ఇయ్యాల ఇంటికొచ్చి ఆమె ఎదురురాంగనే నా కడుపు గట్టిగైంది. పాపం, పొద్దంత తిననట్టుంది ఆమె. గిట్ల అనుకుంటున్నందుకు నాకు పాపం తాకుతదా మేడం? ఏం జెయ్యాలె?"

కీర్తన అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఎమర్జెన్సీ ఏమీ లేదు. మామూలు నొక్కింది. ఈ ప్రశ్నకు సరోజన దగ్గర ఏ జవాబు ఉంటుందో ఆలోచించింది. భయపడవద్దని చెప్తుంది. తను తొంభై సార్లు చెప్పింది, ఆ పిల్ల రోజూ విన్నది. చీకటి పడేదాకా కీర్తన అక్కడే కూర్చుంది. తల్లిగారిల్లు కళ్ల ముందుకొచ్చింది. ఆ గది, ఆ పెట్టె, ఆ పొలం గట్టు. బస్సు దిగి ఆ సందులోకి తిరిగినప్పుడు ఎదురయ్యేవాళ్లు, వాళ్లు అడిగే మాటలు. అక్కడ ఉండాల్సింది ఇంకో నెల. కాన్పయి, బారసాల దాకా అనుకుంటే నెలన్నర.

తెల్లవారింది. ఉప్పలమ్మ పాలక్యాను పట్టుకుని కేంద్రానికి వెళ్లింది. కీర్తన మూడు జతల బట్టలు, ఫోన్ ఛార్జరు సంచిలో పెట్టుకుంది. పోతున్నానని చెప్పాలా అని ఆలోచించింది. చెప్తే మంజుల మళ్లీ ఉండమంటుంది. ఆ మాట ఆ పిల్లతో ఇంకోసారి అనిపించకూడదు.

ముందుగదిలో మంచం మీద మంజుల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కీర్తన సంచి భుజాన వేసుకుని రెండడుగులు వేసి ఆగింది. విన్నది. నిద్రపోయేవాళ్ల ఊపిరి ఒక తీరుగా వస్తుంది. ఇది అట్లా లేదు. బిగబట్టి, ఆపి, మెల్లగా వదులుతున్న ఊపిరి. సంచి జిప్పు వేసిన చప్పుడు కూడా ఆ పిల్ల వినే ఉంటుంది.

మంజుల తిరగలేదు. కీర్తన పిలవలేదు. కాళ్ల దగ్గరికి జారిన దుప్పటిని, తన చెయ్యి ఆమెకు తగలకుండా కొసతో పట్టుకుని, భుజం దాకా లాగింది. తలుపు గడియ చప్పుడు కాకుండా తీసి, బయటికి వచ్చి, పాలకుర్తి బస్సు ఆగే దిక్కుకు నడిచింది.